పిల్లుల రిపోర్టు

"దొర్కలేదంటే దొర్కలేదు. గా కాయిదం మీద నీకెందుకే గంత పట్టుదల?" అన్నాడు రవీందర్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నవత వెంటనే జవాబు చెప్పలేకపోయింది. అప్పటికామె ఒక చేత్తో అతని టిఫిన్ డబ్బాలో పప్పు పోస్తూ, ఇంకో చేత్తో అత్తగారి చాయ్ దించుతూ, జడకు పెట్టుకోవాల్సిన రబ్బరుబ్యాండును పళ్ళ మధ్య పట్టుకుని ఉంది. ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ సరిగ్గా ఇలాంటప్పుడే వస్తాయి, ఆమె రెండు చేతులూ నోరూ ఖాళీ లేనప్పుడు. రబ్బరు తీసి జడకు చుట్టి, చేతులు తుడుచుకునేసరికి అతను చెప్పులు తొడుక్కుని బండి స్టార్ట్ చేసేశాడు. బోధన్‌లో అతనికి ఎరువుల దుకాణం ఉంది. ఫోను నిండా యూరియా లారీలు, రైతులు పంపిన తెగులు ఆకుల ఫొటోలు. ఆ గుట్టలో, ఫోనుకే వచ్చిన ఆ కాగితం ఎక్కడో కొట్టుకుపోయిందని అతను వారం నుంచి చెబుతున్నాడు.

అది పిల్లుల రక్తపరీక్షల కాగితం. ఇంట్లో పిల్లులు ఇప్పుడు లేవు. ఉన్నప్పుడు రెండుండేవి. నల్లటి తల్లి పేరు మసి, దాని కొడుకు బెల్లం, రంగు కూడా అదే. మసిని ఈ ఇంటికి తెచ్చింది నవత కాదు, అత్త భీమవ్వ. నలభై ఏళ్ళుగా బీడీలు చుడుతున్న మనిషి. తునికాకు కట్టల్ని ఎలుకలు కొరికేస్తున్నాయని నాలుగేళ్ళ కింద కార్ఖానా నుంచి గోనెసంచిలో మోసుకొచ్చింది. అలా అవి అత్తగారి పిల్లులయ్యాయి. వాటికి అన్నం కలపడం, అవి దొడ్డికి కూర్చునే, రైసుమిల్లు ఊక పోసిన తొట్టిని రోజూ ఎత్తి శుభ్రం చేయడం, ఏడాదికోసారి బుట్టలో పెట్టుకుని టీకాలకు నిజామాబాద్ తీసుకెళ్ళడం కోడలి పనులయ్యాయి. నవతకు దీని మీద ఫిర్యాదేమీ ఉండేది కాదు. ఆ ఇంట్లో ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదీ అడక్కుండా కాళ్ళకు చుట్టుకునే ప్రాణులు ఆ రెండే.

పెళ్ళయిన పదకొండేళ్ళకు కడుపు పండింది. నాలుగో నెలలో, శ్రావణమాసంలో, పోయింది. "కొన్ని నిలవవమ్మా. ఎవరి తప్పూ కాదు" అంది నిజామాబాద్‌లో డాక్టరమ్మ. ఎవరి తప్పూ కాదంటే ఇల్లు ఊరుకుంటుందా? రెండు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రెండు ప్రశ్నలు వేసింది. ఇంట్లో పిల్లులున్నాయా? బీడీల పని ఉందా? ఆ రెండోది నిజామాబాద్‌లో వయసు అడిగినంత మామూలుగా అడుగుతారు. నవత నోరు తెరిచేలోపు రవీందర్ అందుకున్నాడు.

"పిల్లులున్నయి మేడమ్. బీడీలంటే మా అమ్మ చేస్తది. ఈమె టీచరు. ఈమె చెయ్యది."

నవత అతని వైపు చూసింది. స్కూలు నుంచి నాలుగున్నరకు వస్తుంది. మొహం కడుక్కుని, అత్తగారి పక్కన రెండో బీడీల చాట ముందర కూర్చుంటుంది. అత్తగారి వేళ్ళు సరిగా వంగక మూడేళ్ళయింది, కానీ ఆమె పేరు మీదున్న బీడీ కార్మికుల కార్డు, దాంతో వచ్చే పీఎఫ్ నిలవాలంటే కట్టలు పడాలి. తంబాకు జల్లించేది నవత. ఆకు కత్తిరించేది నవత. వంటకు లేచేదాకా చుట్టేది నవత. కార్ఖానాలో పేరు మాత్రం భీమవ్వది. కడుపుతో ఉన్నప్పుడు కూడా కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని ఆ దుమ్ములో కూర్చుంది, రోజూ దగ్గింది, "గర్భమన్నంక దగ్గు రాదా" అన్నారు. ఇదంతా డాక్టరమ్మతో ఆ నిమిషంలోనే అనొచ్చు. అనలేదు. కట్టుకున్నవాడి మాటను పరాయివాళ్ళ ముందు కొట్టేయడం ఆమె ఎక్కడా నేర్చుకోలేదు. స్కూల్లో నలభై మంది పిల్లలకు నిజం చెప్పాలని పాఠం చెప్పే మనిషి, ఆ కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని మెదలకుండా కూర్చుంది.

"కడుపులో బిడ్డకు తాకే జబ్బొకటి పిల్లుల్లో ఉంటుంది. అయితే పిల్లుల్ని ఎట్లాగూ టీకాలకు తీసుకుపోతారు కదా, అప్పుడే రక్తం కూడా చూపించండి" అంది డాక్టరమ్మ.

నవత తీసుకువెళ్ళింది. పశువుల డాక్టరు దగ్గర ఫారంలో ఫోన్ నంబరు అడిగితే అలవాటుగా రవీందర్ నంబరు చెప్పింది. గ్యాసుకూ అదే, బ్యాంకుకూ అదే, ఆమె సొంత నంబరు ఆమెకే సరిగా నోటికి రాదు. నాలుగు రోజుల తర్వాత రాత్రి భోజనం దగ్గర రవీందర్ చెప్పాడు.

"రెండిట్లకీ ఉన్నదట."

"ఏందీ?"

"గదే, డాక్టరమ్మ అడిగింది చూడు. కడుపుల పిల్లకు తాకే బీమారి."

భీమవ్వ నెత్తి కొట్టుకుంది. "నా మన్మన్ని పిల్లులు మింగినయే! ఎన్నిసార్ల చెప్పిన, వాటిని ఒళ్ళె పండవెట్టుకోకు అని? ఇన్నవా? నీ పిల్లులు నీ కడుపునే తిన్నయి."

నాలుగేళ్ళు అత్తగారివైన పిల్లులు ఆ ఒక్క పూటలో నవతవైపోయాయి. మర్నాడు రవీందర్ వాటిని బుట్టలో పెట్టుకుని వెళ్ళాడు. నవీపేట్‌లో దోస్తు రైసుమిల్లు ఉందనీ, అక్కడ ఎలుకలకు కొదవ లేదనీ అన్నాడు. బుట్టలో పాత లంగా గుడ్డ పరిచింది నవతే. మూత కట్టింది కూడా ఆమే. మసి సందులోంచి కాలు బయటికి పెట్టి ఆమె వేలిని పట్టుకుంటే, ఆ వేలిని విడిపించుకుంది. ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనుకుంది. బిడ్డను చంపుకున్న మనిషి పిల్లి కోసం ఏడుస్తుందా!

ఆ తర్వాతి రోజులు ఆమెకు చేతులు కడుక్కోవడంతోనే గడిచాయి. ఇంట్లో సబ్బు సరిపోక బట్టల సబ్బుతో రుద్దింది. వేళ్ళ సందుల్లో తోలు లేచి సుద్దముక్క పట్టుకుంటే మండేది. స్కూల్లో ఒకటో తరగతి పిల్లలు వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే వెనక్కి జరిగేది. వాళ్ళకు తన నుంచి ఏమైనా అంటుకుంటుందేమోనని భయం. ఊక తొట్టి ముందు వంగిన ప్రతి పొద్దూ గుర్తు చేసుకునేది. మూడో నెలలో వాంతులయ్యేటప్పుడు కూడా ముక్కు మూసుకుని ఎత్తింది కదా, ఆ రోజేనా? బెల్లం నోటితో తాకిన గిన్నెలో పొరపాటున పెరుగు తోడుపెట్టింది, ఆ రోజా? ఏ రోజు, ఏ చేత్తో? రోజులకు రోజులు మనసులో పరుచుకుని ఏరుకుంటూ కూర్చుంది. రాత్రుళ్ళు మంచం మీద రవీందర్ ఆమె వీపు మీద చెయ్యి వేసి, "పోనీ తియ్యి, మళ్ళ అయితది" అనేవాడు. ఎంత మంచివాడు, నన్నొక్క మాట అనడు కదా అని ఆమె అతనికి మనసులో దండం పెట్టుకునేది. ఆ దండం తలచుకుంటే తర్వాత ఆమెకు ఒళ్ళు మండింది.

డాక్టరమ్మ వారం కింద ఫోన్ చేసి, మళ్ళీ ప్రయత్నం మొదలుపెట్టే ముందు ఆ పిల్లుల కాగితం తెమ్మంది. అది చూసి నవతకూ రక్తపరీక్ష రాస్తానంది. కాగితం దొరకలేదని రవీందర్ అన్నాడు. శనివారం ఒంటిపూట బడి. నవత ఇంటికి రాకుండా నేరుగా నిజామాబాద్ బస్సెక్కింది.

పశువుల డాక్టరు దగ్గర బల్ల ముందు కూర్చునే పుష్పలత ఆమెను గుర్తుపట్టింది.

"బోధన్ నుంచి గదా అక్కా? బెల్లం! నా చెయ్యంత గీరి పెట్టిండు, ఇగో చూడు, మచ్చ కూడ పోలే."

"గా రిపోర్టు ఇంకోసారి తీసియ్యవా చెల్లె. ఫోన్ల పోయిందట."

పుష్పలత కంప్యూటర్‌లో వెతికి రెండు కాగితాలు తీసి ఇచ్చింది. "మంచిగున్నయక్కా రెండూ. గా నల్లదానికే ఒక పన్ను పుచ్చింది. గంతే. క్లీన్ చేయించుకోవాలె."

నవత కాగితం తలకిందులుగా పట్టుకున్నట్టు తనే గమనించి సరిగ్గా తిప్పుకుంది. "గా కడుపుల పిల్లకు తాకేది?"

"అది లేదు. రెండిట్లకీ లేదు. నెగెటివ్ అని ఇక్కడ, ఇగో."

వేలు పెట్టి చూపించింది. నవత ఆ వేలి కింద అక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది. మసి బరువు మూడు కిలోల మీద కొంచెం. మూత్రపిండాలు బాగున్నాయి. పురుగులు లేవు. ఆ నల్లటి పిల్లికి ప్రపంచంలో ఉన్న దోషమల్లా ఒక పన్ను. కాగితం మీద తేదీ, రవీందర్ భోజనం దగ్గర ఆ మాట చెప్పిన రోజుదే.

అప్పుడే లోపలి గదిలోంచి డాక్టర్ ఝాన్సీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొని స్థిరపడిన కోస్తావాళ్ళ అమ్మాయి, ఆ యాస ఇంకా పోలేదు.

"నవతగారు కదూ? మీవారు ఆ రోజే ఫోన్ చేశారండీ. ఖాయమేనా, రెండింటికీ లేదా అని రెండుసార్లు అడిగారు. ఖాయమేనండీ అన్నాను. మీ ఆవిడ పాపం రక్తం తీస్తున్నంతసేపూ భయపడిపోయారు, ముందు ఆవిడకి చెప్పండి, ఈ పిల్లుల వల్ల ఏమీ అవలేదని చెప్పండి అని కూడా అన్నాను. చెప్పారా?"

"చెప్పిండు మేడమ్" అంది నవత.

"పిల్లులు బాగున్నాయా?"

"మంచిగున్నయి."

ఎందుకలా అందో ఆమెకే అర్థం కాలేదు. ఇంత జరిగాక కూడా ఆమె నోరు అతని పరువు కాపాడింది. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక, చెరుకురసం బండి దగ్గర స్టూలు మీద కూర్చుండిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చెరుకు ట్రాక్టర్లు ఎదురొస్తూనే ఉన్నాయి. మోసం అనే మాట ఆమె ఇన్నేళ్ళలో చాలామంది గురించి విన్నది. ఇంకో ఆడదాన్ని పెట్టుకోవడం, డబ్బు దాచడం, అలాంటివాటినే అందరూ మోసమంటారు. దీన్నేమంటారు? ఒక శుభవార్త వచ్చింది. తప్పు నీది కాదు అని చదువుకున్న డాక్టరు చెప్పి, నీ భార్యకు చెప్పు అని అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని మింగేసి, దాని బదులు ఇంకో మాట తెచ్చి ఆమె కంచంలో వేశాడు. ఆమె తిన్నది. ఇరవై రెండు రోజులు తిన్నది. ఎరువు బస్తా మీద ఒక అంకె తప్పుంటే లారీ వెనక్కి పంపే మనిషి. అతను పొరపాటు పడలేదు. రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని మరీ అబద్ధం చెప్పాడు. అనుకోకుండా నవతకు గట్టిగా ఏడుపొచ్చింది. పక్క సీట్లో ముసలామె ఏమైందని అడిగితే, "మా పిల్లులకు ఏం బీమారి లేదంట అవ్వా" అంది. ముసలామె వింతగా చూసి, అటు తిరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఇంకా అరుగు మీదే ఉంది. భీమవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని ఉంది. రెండో చాట, జల్లించని తంబాకు, కోడలి కోసం ఎదురుగా సర్ది ఉన్నాయి. రవీందర్ దుకాణం నుంచి చాయ్‌కి వచ్చాడు. నవత రెండు కాగితాలు అతని ముందు పెట్టింది.

అతను వాటిని చదవలేదు. చదివి ఉన్నవాడికి మళ్ళీ చదవాల్సిన పని లేదు. చాయ్ కప్పు కింద పెట్టాడు.

"మరి ఏం జెయ్యమంటవ్ చెప్పు. పిల్లులు కాదని తెలిస్తే డాక్టరమ్మ ఊకుంటదా? మళ్ళ తంబాకు కాడికే వస్తది. అమ్మను బంద్ చేయమంటది. నలభై ఏండ్ల కార్డు. ఎవలో ఒకల మీద పోవాలె గదా. పిల్లుల మీద పోతే ఎవలకు నష్టం?"

"నా మీద పోయింది."

"నిన్నెవలన్నరే? నేనొక్క మాటన్న అన్ననా?"

"అనలే. అనేటోళ్ళను ఆపలే గూడ." ఆమె గొంతు లేవలేదు. "నవీపేట్‌కు ఫోన్ చెయ్యి. నేను పోయి తెచ్చుకుంట."

రవీందర్ గోడ వైపు చూశాడు. "నవీపేట్‌కు పోలే. గంత దూరం ఏడ పోత, దుకాణం ఇడిశిపెట్టి. ఊరు దాటినంక కాలువ కాడ, చెరుకు తోటల ఇడిశిన." చాయ్ కప్పు మళ్ళీ అందుకుని, "రెండు పిల్లులకు గింత లొల్లా? కొత్తయి తెస్త, తియ్యి" అన్నాడు.

నవత అతని ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. కడిగి కడిగి తోలు లేచిన చేతులు రెండూ అతని ముందు తెరిచి పెట్టింది.

"పిల్లుల గురించి కాదు. ఇరవై రెండు దినాలు నా బిడ్డను నేనే సంపుకున్న అనుకుంట నీ పక్కన పండుకున్న. కాదని నీకు తెల్సు. తెల్సి గూడ నువ్వు మంచిగ నిద్రపోయినవు."

భీమవ్వ చేతుల్లో బీడీ ఆగింది. ఆమెకు కూడా కొడుకు చెప్పలేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. ఒక్క క్షణం కోడలి చేతుల వైపు చూసి ఏదో అనబోయి, "అయ్యిందేదో అయ్యింది బిడ్డా, కూసో, ఆకు ఎండిపోతది" అంది.

"ఇయ్యాల్టి సంది నేను కూసోను అత్తమ్మా" అంది నవత. చాట తీసి గోడకు ఆనించింది. భీమవ్వ అటు కొడుకునీ ఇటు చాటనీ చూసింది, కానీ ఆ సాయంత్రం ఎవరూ ఆమెను కూర్చోమని మళ్ళీ అనలేదు.

ఆదివారం పొద్దున ఆమె కాలువ గట్టు వెంట నడిచింది. సగం తోటలు అప్పటికే కొట్టేశారు, నరికిన మోళ్ళు చెప్పుల్లోంచి గుచ్చుకున్నాయి. మసీ, బెల్లం అని పేర్లు పెట్టి పిలుస్తూ వెళుతుంటే పొలంలో మనుషులు నవ్వారు. నవ్వితే నవ్వారు. మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టడానికి వచ్చినవాళ్ళ గుడిసెల దగ్గర ఒకామె రొట్టెలు కాలుస్తూ, "మాంజర్?" అని మరాఠీలో పిల్లి గురించే అడిగి గుడిసెలోకి చెయ్యి చూపించింది. చెరుకాకు కుప్ప మీద బెల్లం పడుకుని ఉంది. చిక్కిపోయింది, ఒక చెవి చిరిగింది. నవతను చూసి వెంటనే రాలేదు. చాలాసేపు చూసింది. అలా చూడటానికి దానికి పూర్తి హక్కు ఉందనుకుని నవత అక్కడే కూర్చుని ఎదురుచూసింది. నల్లది కనపడలేదని రొట్టెలామె చెయ్యి తిప్పి చెప్పింది. మధ్యాహ్నం దాకా వెతికినా మసి దొరకలేదు. చివరికి దగ్గరికొచ్చిన బెల్లాన్ని ఎత్తుకుని ఇంటికి తిరిగింది.

సోమవారం స్కూలుకు సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. డాక్టరమ్మ కాగితాలు చూసి కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది.

"బాగానే ఉన్నాయి కదా! మీ ఆయన ఫోన్‌లో ఇంకోలా చెప్పాడే. ఏడీ, రాలేదా?"

"రాలేదు మేడమ్. ఆయన ఇంకొకటి గూడ తప్పు చెప్పిండు. బీడీల పని నేను గూడ చేసిన. రోజు రెండు మూడు గంటలు. కడుపుతోటున్నప్పుడు గూడ."

డాక్టరమ్మ ఫైలు తెరిచి అది రాసుకుంది. "దానివల్లే పోయిందని నేను చెప్పలేను. కానీ ఆ దుమ్ములో ఉండకూడదమ్మా. ఆ రోజే చెప్పాల్సింది నువ్వు."

"అవును మేడమ్. అది మాత్రం నా తప్పే" అంది నవత. ఆ ఒక్క తప్పూ ఒప్పుకున్నాక ఆమెకు కొంచెం తేలికైంది. తనది కానిది మోయడం వేరు, తనది మోయడం వేరు.

"సరే, అయిపోయింది. ఈ మాత్రలు మూడు నెలలు వేసుకో. ఒంట్లో బలం వచ్చాక మళ్ళీ చూద్దాం" అంటూ డాక్టరమ్మ చీటీ ముందుకు లాక్కుంది.

"అవి వద్దు మేడమ్. కడుపు రాకుండ ఏదన్న ఉంటే రాయండి."

రాస్తున్న కలం ఆగింది. డాక్టరమ్మ తలెత్తి, బల్ల మీదున్న లావుపాటి ఫైలునీ, ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూసింది.

"పదకొండేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నావు నవతా. పిల్లలు వద్దా నీకు?"

"పిల్లలు వద్దని కాదు మేడమ్" అంది నవత. "ఆయన పిల్లలు వద్దు."